తలలో చుట్టం

ఆదివారం పొద్దున ఆముదం గోరువెచ్చగా కాచి కూతురి తలకి పట్టించడం ఝాన్సీలక్ష్మికి ఏళ్ళ తరబడి అలవాటు. కెనడాలోని ఓక్‌విల్‌లో ఏప్రిల్ అంటే పేరుకి వసంతమే గానీ, కిటికీ అవతల ఇంకా సన్నగా మంచు రాలుతూనే ఉంది. స్టవ్ మీద చిన్న గిన్నెలో నూనె కాగింది. పీట వేసింది, పాత తువ్వాలు తెచ్చింది, దువ్వెన వెతికి పెట్టుకుంది. అన్నీ వచ్చాయి గానీ అంటాల్సిన తల మాత్రం రాలేదు.

"అమృతా! నూనె చల్లారిపోతోంది, కిందికి రా!"

"నెక్స్ట్ వీక్ అమ్మా! ఐ యామ్ బిజీ!" అని పైనుంచి జవాబు.

"మూడు వారాల్నుంచీ నెక్స్ట్ వీకే! జుట్టు చూసుకున్నావా, పీచైపోయింది. నువ్వొస్తావా, గిన్నె పట్టుకుని నన్నే పైకి రమ్మంటావా?"

డైనింగ్ టేబుల్ దగ్గర ఫోన్లో వార్తలు చూసుకుంటున్న శేషగిరి తలెత్తకుండానే, "వద్దంటున్న పిల్లని వదిలెయ్యొచ్చుగా," అన్నాడు.

"మీరిలా వెనకేసుకొచ్చే వ్యవహారం ఇక్కడిదాకా తెచ్చారు," అంది ఝాన్సీ.

ఇక్కడిదాకా అంటే ఎక్కడిదాకానో ఆ ఇంట్లో అందరికీ తెలుసు. మార్చి సెలవుల్లో కోస్టారికా వెళ్ళొచ్చిన దగ్గర్నుంచీ నడుస్తున్న గొడవ అది.

పెళ్ళై ఇరవయ్యేళ్ళయిందని శేషగిరి ఆ ట్రిప్ బుక్ చేశాడు. వారం రోజుల ఎండ, సముద్రం, కొబ్బరిచెట్లు అని చెబితే ఝాన్సీ కూడా సంబరపడింది. వంటపని లేని కోనసీమ అనుకుని బయలుదేరింది పాపం. దిగిన రోజు సాయంత్రమే బాత్రూమ్‌లో ఆమె టూత్‌బ్రష్ మీద ఒక కప్ప కూర్చుని ఉంది. బొటనవేలంత కప్ప, ఎర్రటి కళ్ళు, జిగురు కాళ్ళు. ఝాన్సీ వేసిన కేకకి పక్క గదివాళ్ళు పరిగెత్తుకొచ్చారు. అమృత మాత్రం ఫోన్ పట్టుకుని నేల మీద బోర్లా పడుకుని, "ఓ మై గాడ్, ఎంత బాగుందో!" అంది.

ఆ మర్నాడు అడవిలో నడక. గైడ్ ఒక చెట్టు కింద ఆపి, పైన కొమ్మకి వేలాడుతున్న స్లాత్ అనే జంతువుని చూపించాడు. దాని బొచ్చులో నాచు మొలుస్తుందట, ఆ నాచులో చిమ్మెటలు కాపురం ఉంటాయట, వారానికోసారి చెట్టు దిగి వచ్చి దొడ్డికి వెళ్తుందట. వింటుంటే ఝాన్సీకి తిన్న ఇడ్లీమిక్స్ ఇడ్లీలు గొంతులోకి వచ్చాయి. కూతురు చప్పట్లు కొట్టింది. ఇంకాస్త ముందుకెళ్తే ఒక తల్లికోతి పిల్లని ఒళ్ళో పడుకోబెట్టుకుని వెంట్రుకలు పాయలు తీసి, ఏదో ఏరి, నోట్లో వేసుకుంటోంది. "పేలు చూడడం వరకు సరే, ఆ తినడమేంటే ఖర్మ!" అని ఝాన్సీ మొహం తిప్పుకుంది. ఆ తిప్పుకున్న వైపునే పొడుగు ముక్కు జంతువొకటి ఆమె సంచీ చింపి, పొద్దున్నే లేచి కలుపుకొచ్చిన పులిహోర పొట్లం ఎత్తుకుపోయింది. వారం రోజులూ ఇదే వరస.

ఇంటికొచ్చాక ఆవిడ బట్టలన్నీ మరుగునీళ్ళలో ఉతికింది. సూట్‌కేసుల్లో డెటాల్ పోసి కడిగింది. ఏం కడిగితే ఏం లాభం? తిరుగు విమానంలోనే అమృత బాంబు పేల్చింది. ఫార్మసీ వద్దట. అడవి జంతువుల మీద చదువు చదువుతుందట. రెండు యూనివర్సిటీల్లోనూ సీటు వచ్చింది, జూన్ ఒకటిలోగా ఏదో ఒకటి యాక్సెప్ట్ చెయ్యాలి. ఫార్మసీ అని ఝాన్సీ అప్పటికే బంధువులందరికీ చెప్పేసింది. ముఖ్యంగా బ్రాంప్టన్‌లో ఉన్న ఆడపడుచు ఈశ్వరమ్మకి చెప్పేసింది.

ఝాన్సీ పంతానికి కారణం లేకపోలేదు. వృద్ధుల కేర్ హోమ్‌లో పదకొండేళ్ళుగా పనిచేస్తోంది ఆవిడ. మంచాన పడ్డవాళ్ళకి స్నానాలు, డయపర్లు, పుళ్ళు తుడవడం. ఇంటికొచ్చి ఎన్నిసార్లు కడుక్కున్నా చేతులకి ఆ వాసన ఉన్నట్టే ఉంటుంది ఆవిడకి. తన కూతురు మాత్రం తెల్లకోటు వేసుకుని, అద్దంలా మెరిసే కౌంటర్ వెనక నిలబడాలి. దాని చేతులు శుభ్రంగా ఉండాలి. పదకొండేళ్ళుగా ఆవిడ కోరుకున్నదల్లా అదొక్కటే.

చివరికి అమృత మెట్లు దిగి వచ్చింది. ఇంట్లోనూ తల మీదికి టోపీ లాక్కునే ఉంది. పీట మీద కూర్చుని, "పైపైన రాయి చాలు. వెనక వైపు వద్దు," అంది.

"వెనక వైపు ఎవరి జుట్టే అది?" అంటూ ఝాన్సీ టోపీ వెనక్కి తోసి, నూనె చేత్తో పాయలు తియ్యడం మొదలుపెట్టింది. నడినెత్తికి కాస్త వెనగ్గా వేలికి గట్టిగా ఏదో తగిలింది. రేగుపండంత గడ్డ. మధ్యలో సూదిమొనంత కన్నం, అందులోంచి నీరు ఊరుతోంది.

"ఇదేంటే? సెగగడ్డ లేచింది! చెప్పవేం?"

"అది చిన్న దోమకాటు. డాక్టర్ క్రీమ్ ఇచ్చాడు. నువ్వు ముట్టుకోకు."

"క్రీముల్తో సెగగడ్డ తగ్గుతుందా? వేడి చేసింది నీకు. ఆముదం పోస్తే మెత్తబడి చితుకుతుంది, ఉండు," అని ఝాన్సీ చెంచాడు నూనె ఆ గడ్డ మీద పోసి, కారిపోకుండా చుట్టూ వేలు అడ్డం పెట్టింది. అమృత లేవబోతే భుజం నొక్కి కూర్చోబెట్టింది.

ఒక్క నిమిషం గడిచింది. నూనెలో చిన్న బుడగ లేచింది. ఇంకోటి లేచింది. ఝాన్సీ కళ్ళజోడు సరిచేసుకుని వంగి చూసింది. కన్నంలోంచి తెల్లగా, బియ్యపుగింజ కొసంత ఏదో పైకి వచ్చింది. అటూ ఇటూ ఊగి, మళ్ళీ లోపలికి పోయింది.

"ఏవండీ!" ఇల్లు అదిరిపోయింది. గిన్నె ఎగిరి కార్పెట్ మీద పడింది. "పురుగండీ! పిల్ల తలలో పురుగు! బతికుంది!"

శేషగిరి ఫోన్ టార్చి వేసి వంగి చూశాడు. మనిషి ధైర్యస్తుడే. అది రెండోసారి తొంగి చూసేసరికి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని సింక్ దగ్గరికి పరిగెత్తాడు. అక్కణ్ణుంచి వచ్చిన శబ్దాలు వింటూ ఝాన్సీ గోడకి ఆనుకుపోయింది. ఒళ్ళంతా ఏదో పాకుతున్నట్టు చేతులు దులుపుకుంటోంది.

అమృత మాత్రం నెమ్మదిగా, "అమ్మా, టిష్యూ ఇవ్వు. ఆయిల్ తుడిచెయ్యాలి. దానికి ఊపిరాడట్లేదు," అంది.

"దానికా! దానికి ఊపిరాడట్లేదని బాధపడుతున్నావా!"

"అది బాట్‌ఫ్లై లార్వా, అక్కడి అడవి ఈగ పిల్లపురుగు. కోస్టారికాలో దోమ కుట్టినప్పుడు, అది మోసుకొచ్చిన ఈగ గుడ్డు నా చర్మం మీద పడింది. లోపలికెళ్ళి పెరుగుతోంది. ఆ కన్నంలోంచే అది గాలి పీల్చుకుంటుంది. నువ్వు ఆయిల్‌తో మూసేశావు, అందుకే పైకొచ్చింది."

"నీకు... ముందే తెలుసా?"

అమృత తల దించుకుంది. "పది రోజులైంది. రాత్రిళ్ళు కదుల్తోంటే నెట్‌లో చూశా. అక్కడి మన గైడ్‌కి ఫొటో పంపితే కన్ఫర్మ్ చేశాడు. ఇంకో మూడు నాలుగు వారాలుంటే అదే బయటికొచ్చి రాలిపోతుంది. అప్పటిదాకా అబ్జర్వ్ చేద్దామని..." హుడీ జేబులోంచి చిన్న నోట్‌బుక్ తీసింది. అందులో తేదీలు వేసి ఉన్నాయి. ఏ పూట ఎంతసేపు కదిలింది, ఎప్పుడు పొడిచినట్టయింది, పక్కనే పెన్సిల్‌తో బొమ్మలు. వొంటి నిండా ముళ్ళ వరసలున్న పురుగు బొమ్మ.

"వాక్! మూసెయ్యి! మూసెయ్యవే అది!" ఝాన్సీ రెండు చేతుల్తోనూ మొహం కప్పుకుంది. "పురుగుని పెంచుతున్నావా తలలో? అదేమన్నా చుట్టమా, భోజనం పెట్టి పంపడానికి? ఛీ, ఛీ! నీది మనిషి పుట్టుకేనా?"

"అమ్మా, డోంట్ బి లైక్ దట్..."

"నోరుముయ్యి! పది రోజుల్నుంచి ఆ తలతోనే నా పక్కన పడుకున్నావు, ఆ తలతోనే నా దిండు మీద..." మాట పూర్తి కాకముందే ఆవిడ పైకి పరిగెత్తింది. దిండుగలేబులు, దుప్పట్లు, దువ్వెనలు చెత్త సంచీలో కుక్కి కిందికి ఈడ్చుకొచ్చింది. అమృత సోఫాలో కూర్చోబోతే, "అక్కడ కూర్చోకు!" అని అరిచింది. మంచినీళ్ళ గ్లాసు తీసుకోబోతే, "స్టీలు గ్లాసు ముట్టుకోకు, పేపర్ కప్పులున్నాయి!" అంది. ఆ పేపర్ కప్పు కూడా చేతికివ్వలేదు. బల్ల మీద పెట్టి దూరంగా జరిగింది.

శేషగిరి మొహం కడుక్కుని వచ్చి, నర్సుల సలహా నంబరుకి ఫోన్ చేశాడు. అరగంట సంగీతం విన్నాక ఎవరో పలికారు. ఇది అంటుకునేది కాదు, ప్రాణం మీదికి వచ్చేదీ కాదు, రేపు డాక్టర్‌కి చూపించండి, పైకొస్తే తియ్యొచ్చు గానీ మధ్యలో తెగనివ్వకండి అని చెప్పారు. ఎమర్జెన్సీకి వెళ్తే తొమ్మిది గంటలు కూర్చోవాలన్నారు.

"విన్నావుగా? అంటుకోదట," అన్నాడు శేషగిరి.

"అంటుకుందండీ! అడవి పిచ్చి అంటుకుంది దానికి!" అని అరిచింది ఝాన్సీ. "ఒసేయ్, చెబుతున్నా విను. ఇవాళే, నా కళ్ళ ముందే, ఆ ఫార్మసీ సీటు యాక్సెప్ట్ చెయ్యి. ఆ జంతువుల చదువు పేరు ఈ ఇంట్లో ఇంకోసారి వినపడకూడదు. అసహ్యం! ఆ కప్పలూ, ఆ పేడా, ఆ పురుగులూ... నీ బతుకంతా ఈ రోతలోనా?"

"నాకు రోత అనిపించట్లేదు. ఏం చెయ్యను?" అమృత కళ్ళల్లో నీళ్ళు నిండాయి. "అన్నీ ఎందుకలా ఉన్నాయో తెలుసుకోవాలనిపిస్తుంది. అంతే..." ఆ మాటతోనే "అబ్బా!" అని తల పట్టుకుని నేల మీద కూలబడింది. నూనెలో ఊపిరాడని పురుగు లోపల గింజుకుంటోంది. సూదులతో పొడుస్తున్నట్టుందని ఏడుస్తూ, "అమ్మా!" అని చెయ్యి చాపింది.

ఝాన్సీ ఒక్కడుగు వెనక్కి వేసింది.

కావాలని వెయ్యలేదు. కాలే అలా పోయింది. అయినా అమృత చూసింది. చాపిన చెయ్యి మెల్లగా దించుకుంది.

"నువ్వు కూడా అత్తయ్యలాగే చూస్తున్నావమ్మా," అంది.

"ఏంటే?"

"అత్తయ్య వాళ్ళ కొత్తింటి గృహప్రవేశం రోజు. నాకు పదేళ్ళు. నువ్వు డ్యూటీ దిగాక వచ్చావు. వడ్డిద్దామని గరిటె తీసుకుంటే, అత్తయ్య నీ చేతుల వంక చూసి, 'నువ్వు వద్దులే ఝాన్సీ, కూర్చో' అని లాక్కుంది. అప్పుడు అత్తయ్య మొహం ఎలా ఉందో, ఇప్పుడు నీ మొహం అలాగే ఉంది."

ఆ సంగతి భూమ్మీద తనకీ ఈశ్వరమ్మకీ తప్ప ఎవరికీ తెలియదనుకుంది ఝాన్సీ. మొగుడికి కూడా చెప్పలేదు. ఆ రోజు రెండుసార్లు స్నానం చేసి మరీ వెళ్ళింది. తర్వాత ఏడిచింది కూడా వాళ్ళ బాత్రూమ్‌లో కుళాయి తిప్పుకునే. ఆనాటి నుంచీ ఎవరు అడిగినా హెల్త్‌కేర్‌లో జాబ్ అని ముక్తసరిగా చెప్పడమే తప్ప, చేసే పనేంటో చెప్పలేదు.

"నువ్వు చూశావా?" అంది.

"చూశా. అందుకేగా ప్లేట్ తెచ్చి కలిపి పెట్టమన్నాను. అప్పటికి నేను స్పూన్‌తోనే తినేదాన్ని కదా. అందరూ చూడాలని నీ చేత్తో తిన్నా."

ఝాన్సీకి గుర్తొచ్చింది. ఆ జనంలో, పట్టుచీరల మధ్య, పదేళ్ళ పిల్ల పళ్ళెం పట్టుకొచ్చి ముద్దలు పెట్టమని మారాం చేసింది. గారాలు పోతోందని, పెద్దదానివి కాదూ అని తనే కసిరింది. కసురుతూనే పెట్టింది. పిల్ల మూడుసార్లు అడిగి పెట్టించుకుని తింది.

దేవుడా, పదేళ్ళ పిల్లకున్న బుద్ధి నాకు లేకపోయిందే అనుకుంది ఝాన్సీ. పేపర్ కప్పు బల్ల మీద వెక్కిరిస్తూ కనబడింది. దాన్ని తీసి నలిపి చెత్తలో పారేసింది.

"లే. పీట మీద కూర్చో," అంది. "ఏవండీ, నా మేకప్ పెట్టెలో ట్వీజర్స్ ఉన్నాయి, మరిగే నీళ్ళలో వేసి తీసుకురండి. టార్చి కూడా. మీకు కడుపులో తిప్పితే అటు చూసి పట్టుకోండి."

డ్యూటీ సంచీలోంచి గ్లోవ్స్ తీసి వేసుకుంది. నూనెకి వేళ్ళు జారిపోయాయి, పట్టు దొరకలేదు. రెండుసార్లు చూసి గ్లోవ్స్ పీకి పక్కన పడేసింది. చేతులు సబ్బుతో కడుక్కుని, ఇంకో చెంచా ఆముదం పోసి ఆగింది. ఈసారి కళ్ళు తిప్పుకోలేదు. మంచాన పడ్డవాళ్ళ పుళ్ళు తుడిచేటప్పుడు ఎలా ఉంటుందో అలాగే చేతులు వాటంతట అవే నిదానించాయి. తెల్లటి కొస పైకి వచ్చింది. రెండు బొటనవేళ్ళతో గడ్డ మొదట్లో కింది నుంచి నొక్కింది. ట్వీజర్స్‌తో పట్టి, లాగకుండా, అది వదులయ్యేదాకా ఓపిక పట్టింది.

"నొప్పిగా ఉందా తల్లీ?"

"ఉంది. తెగకుండా చూడు."

"నోరు మూసుకుని కూర్చో. నాకు చెబుతోంది పెద్ద."

సగం బయటికి వచ్చింది. నల్లటి ముళ్ళ వరసలు, అచ్చం పిల్ల గీసిన బొమ్మలాగే ఉన్నాయి. ఎంత సరిగ్గా గీసిందో అని ఝాన్సీకి ఆ రోతలోనే ఆశ్చర్యం వేసింది. ఇంకోసారి నొక్కేసరికి మొత్తం జారి తువ్వాలు మీద పడింది. వేలి కణుపంత పురుగు, మెలికలు తిరుగుతోంది. "రామ రామ!" అని ఝాన్సీ కళ్ళు మూసుకుని, వెంటనే తెరిచింది. గాయం తుడిచి మందు రాసింది.

గోడ వైపు తిరిగి టార్చి పట్టుకున్న శేషగిరి, "అయిపోయిందా? నాకా అడవిలో తల్లికోతి గుర్తొస్తోంది ఝాన్సీ. నువ్వు మాత్రం తినకు," అన్నాడు.

అమృత ముందు నవ్వింది. నవ్వు మధ్యలోనే ఏడుపొచ్చి అమ్మ నడుము పట్టుకుంది. నూనె తల చీరకి అంటుతోందని ఝాన్సీ అనలేదు. ఆ తలనే పొట్టకి అదుముకుని తను కూడా వెక్కి వెక్కి ఏడ్చింది.

కాసేపటికి తేరుకుని అల్మారాలోంచి ఖాళీ హోమియో మాత్రల సీసా తెచ్చింది. "ఇందులో వేసుకో. దాన్నేం చేస్తారో నాకు చెప్పకు. వంటింట్లోకి మాత్రం తేకు. రేపు డాక్టర్ దగ్గరికి వెళ్తున్నాం, అక్కడ చూపించు." ఆగి, చూపు ఎటో పెట్టి, "ఆ చదువులో ఇలాంటివన్నీ ముట్టుకోవాలా?" అంది.

"ముట్టుకోవాలి."

"చేతులు కడుక్కుంటావుగా?"

"కడుక్కుంటా అమ్మా."

"అయితే సరే. అదే యాక్సెప్ట్ చేసుకో."

మధ్యాహ్నం పప్పూ అన్నం కలిపి, నెయ్యి వేసి, ఝాన్సీ కూతురికి ముద్దలు పెడుతోంది. ఈశ్వరమ్మ వీడియో కాల్ వచ్చింది. ప్రతి ఆదివారం వచ్చేదే. శేషగిరి ఫోన్ పట్టుకుంటే తెర మీద ఆవిడ మొహం కనబడింది.

"ఏం ఝాన్సీ, పిల్ల ఫార్మసీ సీటు ఖాయమైనట్టేనా?"

"లేదు వదినగారూ. ఫార్మసీ కాదు, అడవి జంతువుల చదువు. పురుగులు కూడా ఉంటాయట."

"పురుగులా! ఛీ, ఆడపిల్లకి అదేం చదువు?"

"మొదట్లో నేనూ అలాగే ఛీ అన్నాను. నేను రోజూ ముసలివాళ్ళకి ఒళ్ళు తుడిచి, డయపర్లు మార్చే చేతులతోనే దీన్ని పెంచాను కదా వదినగారూ. దీనికీ ఆ గుణమే వచ్చింది."

అవతల ఈశ్వరమ్మ మాట మార్చింది. "సరేలే... ఏం చేస్తున్నావిప్పుడు?" అంది.

"పిల్లకి అన్నం పెడుతున్నా," అంది ఝాన్సీ, ముద్ద చేసి ఫోన్‌కి కనబడేలా చెయ్యెత్తి. "చేత్తోనే."

అమృత నోరు తెరిచింది.